ఎయిర్ రైఫిల్ స్కోప్‌కు సెంటీమీటరుకు 14 క్లిక్కులు

రైఫిల్‌కు కొత్త స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించినంక గురి కుదిరే లోపే సగం డబ్బా పెల్లెట్లు ఖతం అయితున్నయా? నల్గొండలో మా ఇంటి వెనక మేనల్లుడు ప్రాక్టీసు చేస్తుంటే ఇదే తిప్పలు: స్కోప్ గుబ్బను రెండు క్లిక్కులు తిప్పుడు, కొట్టుడు, మళ్ల తిప్పుడు.

స్కోప్ మీది గుబ్బ మూత తీసి చూడండి. '1/4 ఎంఓఏ' (ఎంఓఏ అంటే గురి ఎంత జరుగుతదో చెప్పే కోణం కొలత) అని ఉంటే, 100 మీటర్ల దగ్గర ఒక్క క్లిక్కుకు గురి 7 మిల్లీమీటర్లు జరుగుతది. మనం కొట్టే 10 మీటర్లల్ల అది 0.7 మిల్లీమీటరే! అందుకే రెండు మూడు క్లిక్కులకు ఏమీ కనబడదు.

రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, 10 మీటర్ల నుంచి కాగితం మీద గీసిన చుక్కకు 3 పెల్లెట్లు కొట్టండి. మూడింటి నడుమ నుంచి చుక్క దాకా స్కేలుతో కొలవండి. సెంటీమీటరుకు 14 క్లిక్కులు. 2 సెంటీమీటర్లు కిందికి తగిలితే 'అప్' బాణం వైపు 28. కుడి ఎడమలు వేరే గుబ్బతోటి, అదే లెక్క. మాకు 9 పెల్లెట్లల్ల పని అయిపోయింది.

ఇంకా కొనలేదంటే, ఫోకస్ 10 మీటర్ల దాకా దిగే స్కోపే తీసుకోండి. పెద్ద రైఫిళ్ల స్కోపులు ఇంత దగ్గర మసకగా కనబడతయి, తల కొంచెం కదిలితే గురి తప్పుతది. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి ఇదంతా కాగితం మీది గురికే.

మూడు పెల్లెట్లు మూడు దిక్కుల పడితే మాత్రం క్లిక్కులు ముట్టుకోవద్దు. స్ప్రింగ్ రైఫిల్ ముందుకూ వెనక్కూ తన్నుతది, ఆ దెబ్బకు స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంట్ స్క్రూలు వదులైతయి. ముందు అవి బిగించండి.