ప్రజెంటేషన్ తయారీ – 4వ పాఠం: డబ్బు లెక్క చూపించే స్లైడు

గత పాఠంలో ప్రజెంటేషన్ మొత్తాన్ని కాగితం మీద ఎనిమిది గళ్లుగా గీసి, ఏ గడిలో ఏ మాట రావాలో రాసుకున్నాం. అందులో అయిదోది డబ్బు లెక్క. ఈసారి ఆ ఒక్క స్లైడునే మొదటి నుంచి చివరిదాకా తయారు చేద్దాం. మిగతా ఏడింటికీ కలిపి పట్టేంత సమయం దీనికే పడుతుంది, పట్టనివ్వండి.

ఉదాహరణ అదే. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. కప్పు మీద 200 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు వేయించాలి. ఖర్చు కోటి రూపాయలు. 25 లక్షలు యజమాని పెట్టుకుంటారు, 75 లక్షలు బ్యాంకును అడుగుతున్నారు. అంకెలన్నీ పాఠం కోసం వేసుకున్నవే. మీ కొటేషన్‌ను, మీ కరెంటు బిల్లును బట్టి మార్చుకోండి.

ముందు లెక్క తేల్చాలి, పవర్‌పాయింట్ తెరవడం ఆ తర్వాతే. ఒక కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు అనుకుంటే 200 కిలోవాట్లకు 800 యూనిట్లు, ఏడాదికి 2,92,000. యూనిట్ 7 రూపాయల చొప్పున రూ.20,44,000, అంటే నెలకు 1.70 లక్షల ఆదా. ఇక అప్పు. 75 లక్షలకు 10 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 1.25 లక్షలు. ఎక్సెల్‌లో వాయిదా లెక్కగట్టే పీఎంటీ (PMT) ఫార్ములాకు నెల వడ్డీ, 84 వాయిదాలు, అసలు ఇస్తే ఇది వస్తుంది. వడ్డీ గడిలో 10 శాతాన్ని 12తో భాగించకుండా వేస్తే వాయిదా ఏడున్నర లక్షలు చూపిస్తుంది, జాగ్రత్త.

ఈ లెక్కంతా తెచ్చి స్లైడు మీద పోసేయడం మామూలుగా జరిగే పని. నెలకో వరుస, ఆరు నిలువు గళ్లు, మొత్తం 72 అంకెలు. ఎదురుగా కూర్చున్న బ్యాంకు మేనేజరుగారు వాటిని చదవాలా, మీ మాట వినాలా? పైగా ఇంత రుణానికి ఆయన ఒక్కరే సరే అనేస్తే సరిపోకపోవచ్చు. ఫైలు విజయవాడలోని పై ఆఫీసుకు వెళ్లిందనుకోండి, అక్కడ అడిగినప్పుడు మీ తరఫున ఆయన చెప్పాల్సిన ఒక్క వాక్యం ఉంటుంది. దాన్ని మీరే రాసి చేతికివ్వాలి. స్లైడు శీర్షిక అంటే ఆ వాక్యమే.

కాబట్టి ‘విద్యుత్ వ్యయ విశ్లేషణ’ అనే శీర్షిక కొట్టేయండి. అది బీరువా మీద అంటించిన చీటీ లాంటిది. లోపల ఏముందో చెబుతుంది కానీ అందులో మనకు పనికొచ్చేదేమిటో చెప్పదు. దాని బదులు ఇలా రాయండి: ‘నెలకు ఆదా రూ.1.70 లక్షలు, కట్టాల్సిన వాయిదా రూ.1.25 లక్షలు’. దాని కింద చిన్న అక్షరాల్లో: ‘ఆదా పావు వంతు తగ్గినా వాయిదాకు సరిపోతుంది’. 1.70లో పావు వంతు తీసేస్తే 1.27 మిగులుతుంది కాబట్టి ఈ మాట నిలబడుతుంది. శీర్షిక 30 పాయింట్లకు తగ్గకూడదు, రెండు వరుసలు దాటకూడదు.

ఇప్పుడు బొమ్మ. ఇన్సర్ట్‌లో చార్ట్, అందులో క్లస్టర్డ్ కాలమ్ ఎంచుకోండి. రెండే నిలువు పట్టీలు, ఆదా ఒకటి, వాయిదా ఒకటి. వెనక అడ్డగీతలు తీసేయండి, లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే చిన్న పెట్టె) తీసేయండి, అంకెను పట్టీ మీదే వేయండి. పట్టీ మీద అంకె ఉన్నాక ఎడమవైపు స్కేలు కూడా అక్కర్లేదు. పట్టీలు సన్నగా, దూరదూరంగా వస్తాయి. ఒక పట్టీ మీద కుడి క్లిక్ చేసి, ఫార్మాట్ డేటా సిరీస్‌లో గ్యాప్ విడ్త్‌ను 70 శాతం దగ్గరకు తెస్తే నిండుగా కనిపిస్తాయి. త్రీడీ పట్టీల జోలికి వెళ్లకండి. వాటి పైఅంచు ఏ అంకె దగ్గర ఉందో ఎవరికీ అర్థం కాదు.

స్కేలు తీసేసే ముందు ఒకటి చూసుకోవాలి. అది సున్నా దగ్గరే మొదలైందా? అంకెల మధ్య తేడా తక్కువగా ఉంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే సున్నాను ఎగరగొట్టేస్తుంది. గత మూడేళ్ల కరెంటు బిల్లు 56, 58, 60 లక్షలు అనుకోండి. స్కేలు 54 దగ్గర మొదలైతే మొదటి పట్టీ ఎత్తు 2, చివరిది 6. ఏడు శాతం పెరిగిన బిల్లు చూపుకు మూడింతలైనట్టు కనిపిస్తుంది. మీరు కావాలని చేయలేదని అధికారికి ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత మీ మిగతా అంకెలన్నిటినీ అనుమానంగానే చూస్తారు. ఫార్మాట్ యాక్సిస్‌లో మినిమం దగ్గర 0 అని చేత్తో కొట్టండి.

అంకెల మధ్య కామాలు మన పద్ధతిలో పడకపోతే (20,44,000 బదులు 2,044,000 వస్తే) ఎక్సెల్ కస్టమ్ ఫార్మాట్‌లో ఇది పెట్టండి: [>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0. స్లైడు మీద మాత్రం పూర్తి అంకె వద్దు, ‘20.4 లక్షలు’ చాలు.

రంగుల విషయంలో మనవాళ్లు మరిచిపోయేది జిరాక్స్. బ్యాంకు ఫైలులోకి వెళ్లేది మీ రంగుల స్లైడు కాదు, దాని నలుపు తెలుపు కాపీ. ఎరుపు, ఆకుపచ్చ రెండూ అందులో ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. ఆదాకు ముదురు నీలం, వాయిదాకు లేత బూడిద వాడితే కాపీలోనూ తేడా తెలుస్తుంది. వ్యూలో గ్రేస్కేల్ నొక్కితే ముందే చూసుకోవచ్చు.

తెలుగులో స్లైడు చేసేవారికి ఇంకో రెండు చిక్కులున్నాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన మేటర్‌ను స్లైడులో అతికిస్తే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అది పిచ్చి గీతలవుతుంది. యూనికోడ్‌లోనే టైప్ చేయండి. ఫాంటు నిర్మలా, గౌతమి, మండలి ఏదైనా సరే. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్‌కు టిక్ పెట్టండి, పక్కనే ఒక పీడీఎఫ్ కూడా ఉంచుకోండి. రెండోది వరుసల మధ్య దూరం. పవర్‌పాయింట్ మామూలుగా ఇచ్చే 0.9 ఇంగ్లిషుకు సరిపోతుంది కానీ, మన వత్తులు కింది వరుసలోని గుడుల మీద పడతాయి. 1.1 చేయండి.

స్లైడు అడుగున 14 పాయింట్లలో ఒక వరుస తప్పనిసరి: ‘రోజుకు కిలోవాటుకు 4 యూనిట్లు, యూనిట్ రూ.7, వడ్డీ 10 శాతం, 84 నెలలు’. ఏ లెక్క ఏ ఊహ మీద నిలబడిందో చెప్పకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది.

రెండో ప్రశ్న కొంచెం గట్టిది. మిర్చి యార్డు నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగే ఎండాకాలంలో గదులు నింపుతారు కాబట్టి కంప్రెసర్లు బాగా తిరుగుతాయి, ఎండా బాగా కాస్తుంది. ఆ నెలల్లో పుట్టిన యూనిట్ పుట్టినట్టే ఖర్చవుతుంది. స్టాకు ఖాళీ అయ్యాక మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పోతే దానికి 7 రూపాయలు వస్తుందా? రాకపోవచ్చు. ప్యానెళ్ల మీద దుమ్ము, ఏటేటా కాస్త తగ్గే ఉత్పత్తి దీనికి అదనం. ఇవన్నీ కలిపి 15 శాతం కోసేసినా నెలకు 1.45 లక్షలు మిగులుతాయని ఇంకో స్లైడు చేసి, ‘ధన్యవాదాలు’ స్లైడు తర్వాత ఉంచండి. అడిగితేనే చూపించాలి. అది 11వ స్లైడు అయితే ప్రదర్శన మధ్యలో 11 కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తుంది. ఆ 72 అంకెల పట్టిక స్లైడుగా వద్దు, ప్రింటు తీసి ఫైలులో పెట్టి ఇవ్వండి.

యానిమేషన్ ఈ స్లైడుకు అక్కర్లేదు.

అభ్యాసం: మీ వ్యాపారంలో మీరు ఎవరినైనా డబ్బు అడగాల్సిన సందర్భం ఒకటి తీసుకోండి. ఆటోనగర్‌లో కొత్త లేత్ మిషన్ కావచ్చు, బీసెంట్ రోడ్డులో రెండో షాపు కావచ్చు. వచ్చేది, కట్టాల్సింది రెండూ నెల లెక్కలోనే తేల్చండి. ఒకటి ఏడాదికి, ఇంకోటి నెలకు రాస్తే పోలిక కుదరదు. శీర్షిక, రెండు పట్టీలు, ఊహల వరుసతో స్లైడు పూర్తి చేసి, మీ లెక్కలు తెలియని ఒకరికి పది సెకన్లు చూపించి మూసేయండి. ఏం అర్థమైందో చెప్పమనండి. వాళ్లు చెప్పిన మాట మీ శీర్షికతో కలవకపోతే పట్టీలను కదపకండి, శీర్షికనే తిరగరాయండి.