సైకిల్ మీద వసంతం – నాలుగో పాఠం: మోదుగ పూల దారికి ప్లాను, సామాను

ఇప్పటిదాకా మూడు పాఠాల్లో సీటు ఎత్తు సరిచూసుకోవడం, గేర్లూ బ్రేకులూ అలవాటు చేసుకోవడం, లారీలు తిరిగే రోడ్డు మీద ఎడమ పక్కన నిబ్బరంగా తొక్కడం నేర్చుకున్నాం. 15 కిలోమీటర్లు పెద్దగా అలసిపోకుండా తొక్కగలిగితే ఈ పాఠానికి మీరు సిద్ధమే. ఈసారి ఒక్క పూట ప్రయాణం. దూరం 25 కిలోమీటర్ల లోపే. తెల్లవారగానే బయలుదేరి, పూసిన మోదుగల దగ్గర తీరిగ్గా ఆగి, ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి. ఉదాహరణలన్నీ హైదరాబాద్ చుట్టుపక్కలవి తీసుకున్నాను. మీది కరీంనగర్ అయినా కర్నూలు అయినా పద్ధతి ఇదే.

ముందు పూల సంగతి

మన మెట్ట ప్రాంతాల్లో అడవి పూలకు రెండు కాలాలు. వానలు పడ్డాక నేల మీదా పొదల మీదా పూసేవి ఒక రకం. గునుగు, తంగేడు, ఇంకా బతుకమ్మకు ఏరుకొచ్చేవన్నీ అప్పటివి. మాఘం చివరి నుంచి చైత్రం దాకా, ఆకు రాలిన చెట్ల మీద పూసేవి రెండో రకం. వసంతంలో సైకిల్ తీసేవాళ్ళు గడ్డిలో వెతికితే ఏమీ కనిపించదు. తల ఎత్తి చూడాలి.

వరస దాదాపు ఇలా ఉంటుంది. ముందు బూరుగ, జనవరి చివరి నుంచే ఎర్రబడుతుంది. ఫిబ్రవరి రెండో సగం నుంచి మోదుగ మొదలై హోలీ నాటికి నిండుగా ఉంటుంది. రాళ్ళ గుట్టల మీద పెద్ద పెద్ద పసుపు పూలు కనిపిస్తే అది కొండగోగు, అదీ దాదాపు ఈ రోజుల్లోనే. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప. ఉగాది దగ్గర వేప, కానుగ. ఏప్రిల్, మే నెలల్లో రేల గుత్తులు వేలాడతాయి. వీటన్నిటిలో కొత్తవాళ్ళకు నేను మోదుగనే చెబుతాను. చెట్టు మీద ఆకు ఉండదు, పువ్వు నారింజ ఎరుపు, కాబట్టి చాలా దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. పైగా దానికి దట్టమైన అడవే అక్కర్లేదు. పొలం గట్ల మీద, చెరువు శిఖం అంచుల్లో, సాగు చేయని బీళ్ళలో కూడా బతుకుతుంది. అంటే ఊరి రోడ్డు వదలకుండానే చూడొచ్చు.

ఏటా ఒకే తారీఖున పూస్తుందని అనుకోవద్దు. ఒక్కో చెట్టూ నిండుగా ఉండేది కొద్ది రోజులే. అందుకే వెళ్ళే వారానికి ముందు వారం కబురు తెలుసుకోవాలి. బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూసినా చాలు. గొర్రెలు కాచుకునేవాళ్ళను, పొద్దున్నే పాలు తెచ్చేవాళ్ళను అడిగితే ఇంకా మంచిది. ఏ గట్టు మీద ఏ చెట్టు పూసిందో వాళ్ళకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు.

దూరం కాదు, టైము లెక్క

మామూలు సైక్లింగ్‌లో ఎన్ని కిలోమీటర్లు తొక్కామన్నది లెక్క. పూల కోసం వెళ్ళేటప్పుడు ఆ లెక్క పక్కన పెట్టండి. ఎన్నింటికి ఇంటికి రావాలో ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. మార్చిలో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. నా లెక్కలో మార్చి మొదట్లో 9.30కి, ఏప్రిల్‌లో 8.30కి ఇంటి గేటు తీస్తూ ఉండాలి. ఇక్కడ మాత్రం మొహమాటపడకండి.

ఒక లెక్క చేసి చూద్దాం. రానూపోనూ 24 కిలోమీటర్లు. గంటకు 15 చొప్పున తొక్కితే 96 నిమిషాలు. అయిదు చోట్ల ఆగుతాం, ఒక్కో చోట 10 నిమిషాలు, మొత్తం 50. టిఫిన్‌కు 15. పంక్చర్ పడినా టెన్షన్ లేకుండా మరో 30 పక్కన పెట్టుకుందాం. అన్నీ కలిపితే 191 నిమిషాలు, అంటే 3 గంటల 11 నిమిషాలు. 9.30కి చేరాలంటే 6.20కి బయలుదేరాలి. మార్చి మొదట్లో హైదరాబాద్‌లో సూర్యోదయం ఇంచుమించు ఆరున్నరకు. కాబట్టి బయలుదేరే సరికి దారి కనిపించేంత వెలుతురు వచ్చేసి ఉంటుంది.

ఏప్రిల్‌లో ఇదే దూరానికి 5.20కే, అంటే చీకట్లోనే బయలుదేరాలి. అలా చేయకండి. దూరం తగ్గించండి. 16 కిలోమీటర్లకు 64 నిమిషాలు, మూడు చోట్ల ఆగితే 30, టిఫిన్‌కు 15, పంక్చర్‌కు 30. మొత్తం 139 నిమిషాలు. 6.10కి బయలుదేరి 8.30కి వచ్చేయొచ్చు. చాలామంది ఇలాంటప్పుడు ఆగే సమయాన్ని కోసేస్తారు. ఆగడానికే కదా వెళ్తున్నాం, కోయాల్సింది దూరాన్ని.

పంక్చర్ కోసం పెట్టిన అరగంట మిగిలితే దాన్ని మరో చెట్టుకు ఖర్చు పెట్టకూడదు. సగం దూరం వెనక్కి వచ్చేదాకా అది మీది కాదు.

దారి ఎంచుకోవడం

మొదటి రెండు మూడు సార్లు వెళ్ళిన దారినే తిరిగి రండి. చుట్టూ తిరిగి వచ్చే దారి ఊరిస్తుంది గానీ, వెళ్ళిన దారైతే పంక్చర్ షాపు ఎక్కడుందో, గుంత ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో తెలిసిపోతుంది. వెళ్ళేటప్పుడు నీడలో ఉన్న చెట్టు వచ్చేటప్పుడు వెలుగులో కనిపించడం ఇంకో లాభం.

దిక్కు కూడా చూసుకోవాలి. పొద్దున పడమటికి బయలుదేరితే ఎండ వీపు మీద పడుతుంది, ఎదురుగా ఉన్న పూలకు వెలుగు తగులుతుంది. అయితే తిరుగు ప్రయాణం తూర్పుకు కాబట్టి మీ కళ్ళలోనే కాదు, మీ వెనక వచ్చే డ్రైవర్ కళ్ళలో కూడా సూర్యుడు ఉంటాడు. అతనికి మీరు సరిగ్గా కనిపించరు. అందుకే వచ్చేటప్పుడు పగలే అయినా వెనక ఎర్ర లైటు వెలిగే ఉండాలి. ఎదురుగాలీ, ఎక్కుడూ వెళ్ళేటప్పుడే ఉండేలా చూసుకోండి. కాళ్ళలో సత్తువ తగ్గాక గాలి వెనక నుంచి తోస్తే, రోడ్డు పల్లమైతే ఎంత హాయో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఒక నమూనా దారి వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలు. మూసీ నది పుట్టే చోటు అదే. హైదరాబాద్ నుంచి అంత దూరం తొక్కడం ఈ పాఠంలో లేదు. ముందు చక్రం విప్పి సైకిల్‌ను కారులో వేసుకుని వికారాబాద్ చేరండి. అక్కడి నుంచి గుట్ట మీది అనంత పద్మనాభస్వామి గుడికి అయిదారు కిలోమీటర్లు. దారి అడవిలోంచి ఎక్కుతుంది, రావడం దిగుడే. ఆ కాసేపూ చిన్న గేరులో నెమ్మదిగా ఎక్కితే రెండు పక్కలా చెట్లు చూసే తీరిక దొరుకుతుంది. దిగేటప్పుడు మాత్రం చూపు రోడ్డు మీదే. ఈ రోజుల్లో మలుపుల దగ్గర ఎండుటాకులు పేరుకుని ఉంటాయి. రాలిన మోదుగ పూరేకులు మందంగా ఉంటాయి, టైరు కింద నలిగితే జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేకు గట్టిగా పట్టకండి.

నల్లమలలో పూలు ఇంకా బాగుంటాయని ఎవరైనా అంటారు. నిజమే. కానీ అది పులుల అభయారణ్యం. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. ఒంటరిగా సైకిల్ మీద తిరిగే చోటు కాదు అది. కొత్తవాళ్ళ జాబితాలో దాన్ని పెట్టకండి.

సామాను

మొదటి సూత్రం: బరువు మీ వీపు మీద కాదు, సైకిల్ మీద ఉండాలి. వీపు సంచీతో అరగంటలో చొక్కా తడుస్తుంది, నడుము పట్టేస్తుంది. క్యారియర్ ఉంటే దాని మీద చిన్న సంచీ పెట్టి, పాత ట్యూబును పొడవుగా కోసిన ముక్కతో బిగించి కట్టండి. దానంత నమ్మకమైన తాడు నాకు ఇంకా దొరకలేదు. వేలాడే కొసలు చక్రంలో పడకుండా లోపలికి దోపండి. బరువైనవి కింద, తరచుగా తీసేవి పైన.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. ఈ ఎండకు గంటకు కనీసం అర లీటరు, తొమ్మిది దాటితే ముప్పావు లీటరు లెక్క వేసుకోండి. మూడు గంటల ప్రయాణానికి 2 లీటర్లు బయలుదేరేటప్పుడే మీ దగ్గర ఉండాలి. దారిలో కొనొచ్చులే అనుకోవద్దు, పొద్దున ఆరున్నరకు పల్లెల్లో కిరాణా కొట్టు తెరవకపోవచ్చు. ఒక సీసాలో మామూలు నీళ్ళు, రెండో సీసాలో ఉప్పూ పంచదారా కలిపినవి. ఓఆర్ఎస్ పొట్లం ఉంటే దాని మీద రాసిన కొలతలోనే నీళ్ళు పోయండి. ఇంట్లో చేసుకుంటే లీటరు నీళ్ళకు తలగొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఇంతకు మించకూడదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ను అడిగి కలుపుకోండి. మజ్జిగ అంటే ఇష్టమైతే బాగా పలచగా చేసి ఇంటి దగ్గర తాగి బయలుదేరండి, ఎండలో సీసాలో పులిసిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా పది పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగుతూ ఉండాలి.

తిండికి రెండు అరటిపళ్ళు, నాలుగు పల్లీ పట్టీలు, ఆకలి ఎక్కువైతే కాస్త పులిహోర. పులిహోర ఎండకు త్వరగా పాడవదు, చేతికి అంటుకోదు, ఉప్పు కూడా అందులోనే ఉంటుంది. నూనెలో వేయించినవి వద్దు.

పంక్చర్ సామాను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన పూల దారుల్లో టైరుకు ఇద్దరు శత్రువులు, తుమ్మ ముళ్ళూ పల్లేరు కాయలూ. వేసవిలో పల్లేరు తీగ ఎండిపోయి, కాయలు రోడ్డు అంచున మట్టిలో చేరతాయి. ఏ పక్క తిరిగి పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. కాబట్టి చెట్టు చూద్దామని సైకిల్‌ను తారు రోడ్డు దించి బీట్లోకి తొక్కకండి. దించాల్సి వస్తే భుజాన వేసుకోండి, లేదా రోడ్డు పక్కనే స్టాండు వేసి నడిచి వెళ్ళండి. అయినా పంక్చర్ పడవచ్చు. ఒక కొత్త ట్యూబు, రెండు టైరు లివర్లు (టైరును రిమ్ము నుంచి ఊడదీసే పుల్లలు), ప్యాచ్ డబ్బా, చిన్న హ్యాండ్ పంపు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు (ఆరు పలకల గుంత ఉన్న బోల్టులు తిప్పేవి). మీ చక్రం నట్లతో బిగించినదైతే 15 సైజు పానా కూడా. ట్యూబు కొనేముందు టైరు పక్కన అచ్చు వేసిన నంబరు, వాల్వు రకం రెండూ చూసుకోండి. సన్న వాల్వుకు పట్టే పంపు లావు వాల్వుకు పట్టకపోవచ్చు. పాత నల్ల సైకిల్ అయితే అంగుళం పొడవు వాల్‌ట్యూబ్ రబ్బరు ముక్కలు రెండు దగ్గర పెట్టుకోండి. పాతబడిన రబ్బరు వేడికి చీలితే ట్యూబు బాగున్నా గాలి నిలవదు.

బట్టలు పలచని పొడుగు చేతులవి, లేత రంగువి. హెల్మెట్ కింద నూలు తువాలు చుట్టుకుంటే చెమట కళ్ళలోకి కారదు. ఫోనులో మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఒక వంద నోటు, ఒక గుర్తింపు కార్డు. కెమెరా ఉంటే మంచిదే, లేకపోయినా ఏం కాదు. ఒక చిన్న నోటుపుస్తకం మాత్రం తప్పకుండా పెట్టుకోండి. తారీఖు, చోటు, ఏ చెట్టు ఎంత పూసిందో రాయండి. మొగ్గ, సగం, నిండు, రాలుతోంది అని నాలుగు మాటలు చాలు. రెండేళ్ళు రాస్తే మీ దారికి మీరే పంచాంగం చెప్పగలుగుతారు.

సెంటు పూసుకోకండి. పూల చెట్ల దగ్గర పెద్ద తేనెటీగలు తిరుగుతాయి, వాటికి ఘాటైన వాసనలు పడవు. కొమ్మకు తేనెపట్టు వేలాడుతుంటే ఆ చెట్టు కింద ఆగవద్దు, రాయి విసరవద్దు, ఫొటో కోసం దగ్గరికి వెళ్ళవద్దు.

పూల దగ్గర మన నడవడి

మోదుగ కింద సందడి వింటూ కాసేపు నిలబడండి. తేనె కోసం గోరింకలు, రామచిలుకలు, తేనెపిట్టలు వస్తాయి. కొమ్మ విరిస్తే వాటి పొట్ట కొట్టినట్టే. హోలీ రంగుకు పూలు కావాలంటే రాలినవి ఏరుకోండి, ఉడికించడానికి అవి సరిపోతాయి.

ఇప్ప చెట్టు సంగతి వేరు. దాని పూలు తెల్లవారుజామున రాలతాయి. ఆదివాసీ కుటుంబాలు వాటిని పొద్దున్నే ఏరుకుని ఎండబెట్టి దాచుకుంటాయి, అమ్ముకుంటాయి. చెట్టు కింద నేల ఊడ్చి శుభ్రంగా ఉందంటే అది ఎవరిదో పంట కళ్ళం. దాని మీద సైకిల్ తొక్కడం, నడవడం వద్దు. పక్కనే నిలబడి పలకరించండి. పొలంలోని చెట్టు దగ్గరికైనా రైతును అడిగే వెళ్ళండి. ఈ నెలల్లో అడవి నేల అంతా ఎండుటాకే, ఒక్క అగ్గిపుల్ల చాలు. స్టవ్వు, సిగరెట్టు మీ సంచీలో ఉండనే కూడదు.

ఈ వారం సాధన

శనివారం సాయంత్రం సామానంతా కట్టి, నీళ్ళ సీసాలు నింపి, ఇంటి చుట్టూ 5 కిలోమీటర్లు తొక్కండి. గుంతలో పడినప్పుడు ఏం చప్పుడు చేస్తోంది, ఏం జారుతోంది చూసి మళ్ళీ కట్టండి. తిరిగొచ్చాక సంచీలో మీరు తాకనివి ఏవో రాసుకోండి. పంక్చర్ సామాను, లైటు తప్ప మిగతావి అక్కర్లేదనుకుంటే తీసేయండి. మీ ఊరి నుంచి 12 కిలోమీటర్ల లోపు మోదుగలున్న చోట్లు మూడు కనుక్కుని, పైన చెప్పిన పద్ధతిలో ఒకదానికి టైము లెక్క రాయండి.

అయిదో పాఠంలో రోడ్డు పక్కన పంక్చర్ వేసుకోవడం. దానికి మీ దగ్గర పనికిరాని పాత ట్యూబు ఒకటి, ఒక బకెట్ నీళ్ళు, గరుకు కాగితం ముక్క సిద్ధంగా ఉంచుకోండి. టైరు లోపలి వైపు వేళ్ళు పోనిచ్చి విరిగిన ముల్లు వెతకడంతో మొదలుపెడదాం.