రేడియేటర్ వేడెక్కట్లేదా? ముందు చెయ్యి పెట్టి చూడండి

యూకేలో అద్దె ఇళ్ళలో ఉండే మనవాళ్ళకి అక్టోబర్ దాటగానే మొదలయ్యే టెన్షన్ ఇది. హీటింగ్ ఆన్ చేస్తే బాయిలర్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, గది మాత్రం చల్లగానే ఉంటుంది. ఇంజనీర్‌కి ఫోన్ చేసే ముందు హీటింగ్‌ని ఓ అరగంట నడవనిచ్చి, ప్రతి రేడియేటర్‌నీ పైనా, కిందా, మధ్యలోనూ, దానికి రెండు చివర్లా వచ్చే పైపుల మీదా చెయ్యి పెట్టి చూడండి. కాలుతుంది, ఊరికే తాకి తీసెయ్యండి. చల్లగా ఉన్నది ఎక్కడో తెలిస్తే కారణం చాలావరకు దొరికినట్టే. ఇదంతా గ్యాస్ బాయిలర్‌తో నీళ్ళు తిరిగే రేడియేటర్ల సంగతి, కొన్ని ఫ్లాట్లలో ఉండే కరెంటు హీటర్లకి వర్తించదు.

ఇల్లంతా చల్లగా ఉంటే

అన్నీ చల్లగా ఉంటే రేడియేటర్లని వదిలెయ్యండి. టైమర్ ఆన్‌లో ఉందా, థర్మోస్టాట్ ఇప్పుడున్న గది వేడి కంటే ఎక్కువకి పెట్టారా, ప్రీపే మీటర్ అయితే బ్యాలెన్స్ ఉందా చూడండి. తర్వాత బాయిలర్ మీద ప్రెషర్ ముల్లు. సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి, బాగా పడిపోతే బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది. కాంబీ బాయిలర్‌కి (కుళాయి వేడినీళ్ళకీ రేడియేటర్లకీ రెంటికీ ఒకటే పెట్టె) చాలావరకు కింద ఒక అల్లిక స్టీలు గొట్టం, దానికి చిన్న వాల్వులు ఉంటాయి, వాటిని మెల్లగా తిప్పి ముల్లు 1 దాటి కాస్త పైకి రాగానే గట్టిగా మూసెయ్యాలి. మళ్ళీ మళ్ళీ పడిపోతుంటే ఎక్కడో లీకు ఉందన్నమాట. అప్పుడు నీళ్ళు నింపుకుంటూ పోవడం మంచిది కాదు, కొత్త నీళ్ళతో పాటు వెళ్ళే ఆక్సిజన్ లోపల తుప్పు పెంచుతుంది.

గడ్డకట్టే చలి రాత్రి తర్వాత పొద్దున్నే బాయిలర్ గుడగుడమని ఆగిపోయిందంటే, బాయిలర్‌లో ఊరే నీళ్ళని బయటికి వదిలే, గోడ మీంచి వెళ్ళే ప్లాస్టిక్ కండెన్సేట్ పైపులో నీళ్ళు గడ్డకట్టి ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్ళు పోసి, బాయిలర్ రీసెట్ చేస్తే సరి. మరిగే నీళ్ళు పొయ్యకండి, పైపు పగులుతుంది.

కుళాయిలో వేడినీళ్ళు బాగానే వస్తూ రేడియేటర్లు మాత్రం వేడెక్కకపోతే, కాంబీలో వేడిని కుళాయికో రేడియేటర్లకో మళ్ళించే డైవర్టర్ వాల్వ్ ఇరుక్కుందేమో అనుమానించాలి. అది మన పని కాదు, ఇంజనీర్ రావాల్సిందే.

ఒక్క రేడియేటరే చల్లగా ఉంటే

ఎక్కువగా జరిగేది ఇదే, చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా తేలిపోయేదీ ఇదే. రేడియేటర్‌కి ఒక చివర అంకెలున్న గుండ్రటి తల ఉంటుంది కదా, అది తన చుట్టూ ఉన్న గాలి వేడిని బట్టి నీళ్ళని వదులుతుంది, ఆపుతుంది. దాని మీద పొడవాటి కర్టెన్ పడినా, సోఫా ఆనించినా, మనవాళ్ళందరికీ అలవాటైనట్టు తడి తువ్వాళ్ళు ఆరేసినా, ఆ మూల మాత్రమే వెచ్చబడి, గదంతా వేడెక్కిందనుకుని వాల్వ్ మూసుకుంటుంది. ముందు అవి తీసి, తలని 5కి తిప్పి చూడండి.

అయినా వేడి రాకపోతే ఆ తల కింద ఉండే పిన్ ఇరుక్కుని ఉండొచ్చు. వేసవి అంతా సున్నాలో వదిలేసిన వాల్వులకి ఈ జబ్బు ఎక్కువ. తలని 5లోనే ఉంచి, కింది రింగు విప్పితే తల ఊడొస్తుంది, చాలా రకాల్లో అలా విప్పినా నీళ్ళు కారవు. మధ్యలో సన్నటి పిన్ కనబడుతుంది. ఏదైనా చదునైన దానితో నొక్కితే కొద్దిగా లోపలికెళ్ళి మళ్ళీ పైకి లేవాలి. లేవకపోతే కొంచెం సిలికాన్ స్ప్రే కొట్టి, వాల్వ్ పక్కన మెల్లగా తట్టి, మళ్ళీ మళ్ళీ నొక్కండి. ప్లయర్‌తో పట్టుకుని పైకి లాగే సాహసం మాత్రం వద్దు, పిన్ ఊడొచ్చిందంటే కార్పెట్ మీద నల్లటి నీళ్ళే. ఇకమీదట వేసవిలో వాల్వులన్నీ తెరిచే ఉంచండి.

పిన్ బాగుంటే రెండో చివర ప్లాస్టిక్ టోపీ కింద ఉండే లాక్‌షీల్డ్ వాల్వ్ చూడాలి, ఆ రేడియేటర్‌లో ఎన్ని నీళ్ళు తిరగాలో ఇదే నిర్ణయిస్తుంది. రంగులేసేటప్పుడు రేడియేటర్ తీసి, మళ్ళీ బిగించాక దాన్ని తెరవడం మర్చిపోయేవాళ్ళు ఉంటారు. చిన్న స్పానర్‌తో ఎడమవైపు కొంచెం కొంచెంగా తిప్పి చూడండి.

కింద వేడి, పైన చల్లన

లోపల గాలి చేరింది. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారేదాకా ఆగండి. పై మూలలో ఉండే చిన్న చదరపు స్క్రూకి పట్టే బ్లీడ్ కీ ఏ హార్డ్‌వేర్ షాపులో అయినా చవగ్గా దొరుకుతుంది. కింద పాత గుడ్డ పట్టుకుని ఎడమవైపు పావు తిప్పు తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది, నీళ్ళు రాగానే బిగించెయ్యండి. బ్లీడ్ చెయ్యడం అంటే ఇదే. స్క్రూ పూర్తిగా విప్పకూడదు. గాలి పోయాక ప్రెషర్ తగ్గుతుంది, కాబట్టి బాయిలర్ ముల్లు మళ్ళీ చూసుకోవాలి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే, ఆ తర్వాత బ్లీడ్ చేసినందుకే బాయిలర్ పాడైందని కంగారు పడతారు.

పైన వేడి, కింద మధ్యలో చల్లన

ఇది గాలి కాదు, మడ్డి. రేడియేటర్ల ఉక్కు తుప్పుపట్టి నల్లటి బురదలా అడుగున పేరుకుంటుంది, ఎంత బ్లీడ్ చేసినా పోదు. రేడియేటర్ విప్పి బయట కడగాలి, లేదా ఇల్లంతా పవర్ ఫ్లష్ (యంత్రంతో పైపులన్నీ నీళ్ళతో కడిగించడం) చేయించాలి. తర్వాత తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ మందు పోసి, వీలైతే ఆ మడ్డిని పట్టేసే మాగ్నెట్ ఫిల్టర్ కూడా పెట్టించాలి.

బాయిలర్‌కి దగ్గరవి కాలిపోతూ దూరంవి గోరువెచ్చగా ఉంటే, వేడెక్కువైన వాటి లాక్‌షీల్డ్ కొంచెం మూసి నీళ్ళు దూరంవాటి వైపు మళ్ళేలా చెయ్యాలి. ఓపిక కావాలి, ఒక్కసారికి పావు తిప్పు చాలు.

మూత తీసి బాయిలర్ లోపల చెయ్యి పెట్టొద్దు. గ్యాస్ పనికి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చెయ్యడానికి అనుమతి ఉన్న ఇంజనీర్ల అధికారిక జాబితా) ఉన్నవాళ్ళనే పిలవాలి, వచ్చాక కార్డు అడిగి చూడండి. గ్యాస్ వాసన వస్తే కిటికీలు తెరిచి, బయటికొచ్చి, ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లో అయితే 0800 111 999కి ఫోన్ చెయ్యండి.

ఇక అద్దె ఇల్లయితే పిన్, బ్లీడింగ్ లాంటివి దాటిన ఖర్చు మీ నెత్తినేసుకోకండి. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం, వేల్స్‌లో 2016 నాటి రెంటింగ్ హోమ్స్ (వేల్స్) చట్టం ప్రకారం మామూలు అద్దె ఇళ్ళలో హీటింగ్ బాగుచేయించాల్సింది ఓనరే. ఏజెన్సీకి ఫోన్ చేసి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి: ఏ గదిలో, రేడియేటర్ పైనా కిందా ఎక్కడ చల్లగా ఉంది, ప్రెషర్ ఎంత చూపిస్తోంది, బాయిలర్ మీద ఏ ఎర్రర్ కోడ్ వచ్చింది, ఎప్పట్నుంచి. ఫోటోలు జత చెయ్యండి.