సొంత వెబ్‌సైటు కట్టుకుందాం – 3వ పాఠం: పేరు కొనడం, సైటుకు తగిలించడం

గత పాఠంలో ఒక్క పేజీ రాసి గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉచితంగా ఎక్కించాం. సైటు తెరుచుకుంటోంది, కానీ చిరునామా చివర ‘గిట్‌హబ్ డాట్ ఐఓ’ అని ఉంది. ఇల్లు మీరే కట్టినా గుమ్మం మీద పేరు ఇంకొకరిదే. ఈ పాఠంలో దాన్ని మారుద్దాం. మొత్తం పాఠాల్లో డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే, పొరపాటు జరిగితే దిద్దుకోవడం కష్టమయ్యేదీ ఇక్కడే. కాబట్టి నింపాదిగా చదవండి.

పేరుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ముందు చూద్దాం. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. 2019 ఏప్రిల్ 2న గూగుల్ ప్లస్ పోయింది. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. అక్కడ వీడియోలు పెట్టేవాళ్లలో ఫోనులో కాపీలు మిగిలినవాళ్లు ఉన్నారు. మిగలనిది చిరునామా. ఇన్నాళ్లూ చూసినవాళ్లకు ‘ఇకమీదట ఫలానా చోటికి రండి’ అని చెప్పే దారి మూసుకుపోయింది. సొంత సైటులో ఆ దారి మీ చేతిలో ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ పేరు వేరు, ఫైళ్లు ఉండే స్థలం వేరు. స్థలం ఎన్నిసార్లు మారినా పేరు అదే ఉంటుంది.

పేరు ఎంచుకోవడంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. శరత్ చివర ‘టీ’ ఒక్కటే చాలా, పక్కన ‘హెచ్’ కూడా వేయాలా? లక్ష్మిలో ‘ఎక్స్’ ఉందా? ‘వి’నా, ‘డబ్ల్యూ’నా? అందుకే కొనేముందు ముగ్గురికి ఫోను చేసి, పేరు నోటితో చెప్పి, రాసి పంపమనండి. ముగ్గురూ ఒకేలా రాస్తే ఆ పేరు పనికొస్తుంది. లేదంటే ఇంటిపేరో, ఊరిపేరో కలిపి మళ్లీ ప్రయత్నించండి. అడ్డగీతలు, అంకెలు వద్దు. చెప్పేటప్పుడు ‘ఇక్కడ గీత ఉంటుంది’ అని ప్రతిసారీ విడమరచాల్సి వస్తుంది.

తెలుగు లిపిలోనే పేరు తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, ‘డాట్ భారత్’ తెలుగు అక్షరాల్లో కూడా ఉంది. అయితే తెర వెనక ఆ పేరు ‘ఎక్స్ఎన్’ అనే రెండక్షరాలు, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల ముద్దగా మారుతుంది. కొన్ని యాప్‌లు పాఠకుడికి ఆ ముద్దనే చూపిస్తాయి. మోసపు లింకేమోనని భయపడి నొక్కరు. తెలుగు పేరును రెండో చిరునామాగా ఉంచుకుని, మొదటిది ఇంగ్లీషు అక్షరాల్లో తీసుకోవడం మేలని మా అభిప్రాయం. లోపలి పేజీల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. పేజీ పేరు ‘కథలు’ అని పెడితే అందులో నాలుగు సంకేతాలు: క, థ, ల, కొమ్ము. ఒక్కోటి కంప్యూటరులో 3 బైట్ల చోటు తీసుకుంటుంది, లింకులో ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. అంటే నాలుగు సంకేతాల మాట లింకు కాపీ చేస్తే 36 అక్షరాలవుతుంది. వాట్సాప్‌లో అది ఎంత గజిబిజిగా కనిపిస్తుందో ఊహించండి. పేజీలో శీర్షిక తెలుగులో, చిరునామా పొట్టిగా ఇంగ్లీషులో పెట్టండి.

ఇక కొనడం. ఇలా కొనే పేరును డొమైన్ అని, దాన్ని అమ్మే సంస్థను రిజిస్ట్రారు అని అంటారు. మొదటి ఏడాది 99 రూపాయలు అని పెద్దక్షరాల్లో కనిపిస్తే దాన్ని పక్కనపెట్టి, రెండో ఏడాది నుంచి ఎంతో చూడండి. మీరు ఏటా కట్టాల్సింది అదే. హోస్టింగ్, మెయిలు, సైటు బిల్డరు అంటూ బుట్టలో చేరేవాటిని తీసేయండి, ఇప్పుడు మనకు కావలసింది పేరు ఒక్కటే. తెలిసినవాళ్లతోనో, డిజైనరుతోనో కొనిపిస్తే యజమాని పేరు, మెయిలు మీవే ఉండాలి. వాళ్ల ఖాతాలో వాళ్ల పేరున ఉంటే చట్టప్రకారం గొడవపడినా తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఖాతాకు ఇచ్చే మెయిలు ఆఫీసుదో, కాలేజీదో కాకూడదు. ఉద్యోగం మారితే అదీ పోతుంది. కొత్తగా కొంటున్న డొమైన్ మీదే మెయిలు పెట్టుకుని దాన్నే ఇవ్వకండి. రెన్యువల్ తప్పి సైటు ఆగితే హెచ్చరిక మెయిలు కూడా అందదు, పాస్‌వర్డు మార్చుకునే వీలూ ఉండదు. డాట్ కామ్ వంటివి కొన్నప్పుడు ధ్రువీకరణ మెయిలు వస్తుంది. 15 రోజుల్లో అందులోని లింకు నొక్కకపోతే పేరు నిలిపేస్తారు. స్పామ్ డబ్బాలో కూడా వెతకండి.

ఆటో రెన్యువల్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల 2021 అక్టోబరు నుంచి, కార్డుదారు ముందుగా ప్రత్యేక అనుమతి నమోదు చేయని ఆటో డెబిట్‌లను మన బ్యాంకులు తిప్పికొడతాయి. విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర ఇది తరచూ జరుగుతుంది. గడువుకు 45 రోజుల ముందు ఫోను క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. డాట్ కామ్ అయితే గడువు దాటాక కొన్ని రోజులు మామూలు ధరకే ఇచ్చే రిజిస్ట్రార్లు చాలామంది ఉన్నారు. ఆ తర్వాత వచ్చే 30 రోజుల విముక్తి గడువులో పేరు విడిపించుకోవాలంటే అసలు ధరకు ఎన్నో రెట్లు కట్టాలి. అదీ దాటితే 5 రోజుల్లో పేరు అందరికీ అందుబాటులోకి వస్తుంది, కాచుకుని ఉన్నవాళ్లు క్షణాల్లో ఎగరేసుకుపోతారు.

ఇప్పుడు తగిలిద్దాం. క్రమం ముఖ్యం: ముందు గిట్‌హబ్‌లో, తర్వాతే రిజిస్ట్రారు దగ్గర. తిరగేసి చేస్తే, మీ పేరు ఎవరికీ చెందకుండా గిట్‌హబ్ వైపు చూపిస్తున్న ఆ కాసేపట్లో వేరొకరు తమ సైటుకు దాన్ని తగిలించుకోగలరు. మీ రిపాజిటరీలో (గిట్‌హబ్‌లో మీ సైటు ఫైళ్లుండే చోటు) సెట్టింగ్స్, అందులో పేజెస్, అందులో కస్టమ్ డొమైన్ పెట్టెలో మీ పేరు రాసి సేవ్ నొక్కండి. అప్పుడు రిపాజిటరీలో ‘సీనేమ్’ అనే చిన్న ఫైలు పుడుతుంది. తర్వాతెప్పుడైనా పాతవన్నీ తుడిచి కొత్త ఫైళ్లు ఎక్కిస్తే ఇది కూడా పోయి, సైటు హఠాత్తుగా 404, అంటే ‘పేజీ లేదు’ అని చూపిస్తుంది. ఆ ఫైలును మీ కంప్యూటరులోనూ దాచండి.

తర్వాత రిజిస్ట్రారు సైటులో డీఎన్ఎస్ రికార్డుల పేజీ తెరవండి. మీ పేరు టైపు చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పే పట్టిక అది. అక్కడ ముందే ‘ఏ’ రికార్డు (పేరును అంకెల చిరునామాకు కలిపేది) ఒకటి ఉంటే తీసేయండి. అది రిజిస్ట్రారు ప్రకటనల పేజీది. వదిలేస్తే ఒకసారి మీ సైటు, ఇంకోసారి ఆ ప్రకటనలు కనిపిస్తాయి. ఒకే పేరుకు ఒకటి కంటే ఎక్కువ చిరునామాలు ఉన్నప్పుడు బ్రౌజరు వాటిలో ఏదో ఒకటి ఎంచుకుంటుంది మరి. ఇప్పుడు హోస్టు గడిలో ‘@’ గుర్తు పెట్టి నాలుగు ‘ఏ’ రికార్డులు చేర్చండి: 185.199.108.153, 185.199.109.153, 185.199.110.153, 185.199.111.153. టీటీఎల్ (రికార్డును నెట్‌వర్కులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 3600 సెకన్లు. ఐదోది ‘సీనేమ్’ రికార్డు, ఒక పేరును ఇంకో పేరుకు కలిపేది. హోస్టు మూడు ‘డబ్ల్యూ’లు, విలువ మీ గిట్‌హబ్ యూజరు పేరుతో మొదలై ‘గిట్‌హబ్ డాట్ ఐఓ’తో ముగియాలి. దాని వెనక రిపాజిటరీ పేరు, ముందు హెచ్‌టీటీపీఎస్ రాయకూడదు. హోస్టు గడిలో పూర్తి డొమైన్ రాయడం ఇంకో సాధారణ పొరపాటు. చాలా రిజిస్ట్రార్లు వెనక డొమైన్‌ను తామే చేరుస్తారు, దాంతో పేరు రెండుసార్లు పడుతుంది.

వెంటనే తెరుచుకోకపోతే రికార్డులు మళ్లీ మళ్లీ మార్చకండి. రికార్డు లేనప్పుడు మీరు ఒకసారి వెతికి ఉంటే ‘లేదు’ అన్న జవాబును మీ నెట్‌వర్కు కొంతసేపు గుర్తుంచుకుంటుంది. వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. సైటు కనబడ్డాక గిట్‌హబ్‌లో ‘ఎన్‌ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్’ దగ్గర టిక్కు పెట్టండి. అప్పుడు సైటు సురక్షితమైన దారిలోనే తెరుచుకుంటుంది. దానికి కావలసిన సర్టిఫికెట్ రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. మరునాటికీ టిక్కు పెట్టనివ్వకపోతే కస్టమ్ డొమైన్ తీసేసి మళ్లీ అదే రాసి సేవ్ చేయండి, ప్రక్రియ మొదటి నుంచి మొదలవుతుంది.

రేపు గిట్‌హబ్ నచ్చకపోతే? ఒకరోజు ముందు టీటీఎల్‌ను 300కు తగ్గించండి. కొత్త చోట అవే ఫైళ్లు అవే పేర్లతో ఎక్కించి, రికార్డుల్లో విలువలు మార్చండి. పాత చోటును రెండు రోజులు అలాగే ఉంచండి. పాఠకుడి దగ్గరున్న ఏ లింకూ తప్పిపోదు.

వచ్చే పాఠానికి ముందు ఒక పని: రిజిస్ట్రారు పేరు, ఖాతా మెయిలు, గడువు తేదీ, ఐదు రికార్డులు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా దాచండి. 4వ పాఠంలో పైవరుస ఒత్తులు కిందివరుస గుడులకు తగలకుండా వరుసల ఎడం సరిచేద్దాం. అను ఫాంట్లలో టైపు చేసిన పాత రచనలుంటే, ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడం కూడా అందులోనే ఉంటుంది. అలాంటి ఫైలు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.