లోక సంగీతం విందాం – 4వ పాఠం: పాటను కాగితం మీద పెట్టడం

కిందటి పాఠంలో చెప్పినట్టు ఒక పాట ఫోన్‌లో రికార్డు చేసుకున్నారుగా, ఇవాళ దాన్ని రాద్దాం. ఒంగోలు పక్కన కొత్తపట్నం ఒడ్డున అలివి వల (ఒడ్డు నుంచి గుంపుగా తాళ్లతో లాగే పెద్ద వల) లాగుతూ పాడే పదం అనుకోండి. కచేరీ కీర్తన కన్నా ఇదే కష్టం, అందుకే ముందు దీన్ని పెడుతున్నా.

పాడేవాడికి దారి చూపే రాత వేరు, పాడింది పాడినట్టు పట్టుకునే రాత వేరు. 1958లో చార్లెస్ సీగర్ అనే అమెరికన్ పండితుడు ఈ తేడా చెప్పాడు. మన స్వర పుస్తకాలు మొదటి రకం, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, గురువు నోట వినాల్సిందే. మనకిప్పుడు కావాల్సింది రెండోది.

స్వరాల జోలికి అప్పుడే పోకండి. సగం వేగంతో వినండి. ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో శ్రుతి మారకుండా వేగం తగ్గించుకోవచ్చు. కాగితం మీద రెండు వరసలు గీసి, పైన ముందు పాడే మనిషిని, కింద గుంపును రాయండి. తాడు మీద బలం పడ్డచోట చుక్క, ఊపిరి తీసుకున్నచోట కామా:

హై – లె – స్సా• ,

చుక్క "స్సా" మీదే పడాలని లేదు, మీ రికార్డింగులో "హై" మీద పడితే అక్కడే పెట్టండి. గుంపు అందుకునేసరికి పైవాడి మాట పూర్తికాకపోతే రెండూ కలిసినట్టే రాయాలి. వల బరువెక్కితే పాట సాగి నెమ్మదిస్తుంది. తాళం తప్పిందని దిద్దారో, పనిపాటలో అసలు విషయమే పోతుంది.

ఇక స్వరాలు. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు (సెంటు అంటే స్వరాల మధ్య దూరానికి కొలత), షడ్జం (స) నుంచి పై షడ్జానికి 1200. 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లండ్ పండితుడు ఈ కొలతతోనే రకరకాల దేశాల స్వరాలను పోల్చాడు. జావా దీవిలో గంటలు, కంచు పలకల వాద్యబృందమైన గామెలాన్‌లో స్లెండ్రో అనే వరస ఆ 1200ని అయిదు భాగాలు చేస్తుంది, ఒక్కోటి సుమారు 240. ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు. వల దగ్గర వినబడే గాంధారం (గ) కూడా దాని రెండు రకాలైన సాధారణానికీ (కింది గ) అంతరానికీ (పై గ) మధ్య తేలొచ్చు. దగ్గరి స్వరం రాసి, పైకో కిందికో బాణం గుర్తు వేస్తే చాలు.

ఈ ఒడ్డున చేపలు పట్టే పట్టపువాళ్ల మాటలో తమిళం కలుస్తుంది. అర్థంకాని ముక్కను తెలుగు చేసేయకుండా విన్నట్టే రాసి, "పెద్దయ్యా, ఇక్కడేమన్నారు?" అని పాడినాయన్నే అడగండి. మళ్లీ పాడి చూపిస్తే మొదటిదానిలా ఉండకపోవచ్చు, దాన్నీ పక్కన రాసుకోండి.

ఈ వారం అభ్యాసం 30 సెకన్ల పాట, అంతకుమించి వద్దు. సముద్రం దూరమైతే నాట్ల పాటైనా సరే. నెల్లూరు రొట్టెల పండుగ లాంటి రద్దీలో మాత్రం రికార్డు చేయకండి, ఆ మైకుల గోలలో ఏ గొంతూ విడిగా దొరకదు.