లేక్ లేనియర్‌లో ఈతకు దిగే ముందు నీళ్లను ఎలా అంచనా వేసుకోవాలి?

నేను ఈత నేర్చుకున్నది మా ఊరి దిగుడు బావిలో. వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టి మా బాబాయి నీళ్లలోకి తోసేవాడు. సంక్రాంతి చలిలో ఆ నీళ్లు గోరువెచ్చగా ఉండేవి, ఎండాకాలంలో చల్లగా తగిలేవి. నిజానికి భూమిలోంచి ఊరే నీటి వేడి ఏడాదంతా పెద్దగా మారదు, మారేది బయటి గాలి. చిన్నప్పుడు అది తెలీదు. నీళ్లంటే ఎప్పుడూ మనకి అనుకూలంగానే ఉంటాయన్న ధీమా మాత్రం ఒంట్లో ఉండిపోయింది.

ఆ ధీమాతోనే ఒక ఏప్రిల్ ఆదివారం అమెరికాలో అట్లాంటా పక్కన లేక్ లేనియర్‌లో దిగాను. బయట ఎండ 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 27. మోకాళ్ల దాకా బాగానే ఉంది. ఛాతీ దాకా వెళ్లేసరికి నీళ్ల చలికి గబుక్కున ఊపిరి లోపలికి లాక్కుపోయింది, మళ్లీ బయటికి రాలేదు. ఒడ్డున ఉన్న మా ఆవిడని పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. కాళ్లు అందే లోతు కాబట్టి వెనక్కి నడిచి వచ్చేశాను. కాళ్లు అందని చోట అయ్యుంటే ఆ మొదటి గుక్క గాలి బదులు నీళ్లు మింగేవాణ్ణి.

కమ్మింగ్, ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవి వస్తే అందరం పులిహోర డబ్బాలు సర్దుకుని వెళ్లేది ఆ లేక్‌కే. అందుకే ఇది రాస్తున్నాను.

1. ముందు నెల చూడండి

ఫోన్‌లో వెదర్ యాప్ చెప్పేది గాలి సంగతి. లేనియర్ చిన్న చెరువు కాదు. చాటహూచీ నది మీద 1950ల్లో బ్యుఫోర్డ్ డ్యామ్ కడితే నిలిచిన నీళ్లవి, దాదాపు 38 వేల ఎకరాలు. అంత నీరు మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది. గాలి ఇవాళ వెచ్చబడితే నీళ్లకి ఆ వేడి పట్టడానికి వారాలు పడుతుంది.

పైనీళ్లు ఉజ్జాయింపుగా జనవరి, ఫిబ్రవరిలో 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి. ఏప్రిల్‌లో 60ల్లోకి, మే నెలలో 70ల్లోకి వస్తాయి. జూన్ మధ్యకి 80 దగ్గరికి చేరి, జులై, ఆగస్టుల్లో 85 అటూ ఇటూ ఆడతాయి. సెప్టెంబర్ చాలావరకు వెచ్చగానే ఉంటుంది. అక్టోబర్‌లో దిగడం మొదలై, నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ నాటికి 60 దగ్గరికి వచ్చేస్తాయి.

70 డిగ్రీలు, అంటే 21 సెల్సియస్, గుర్తుపెట్టుకోండి. దానికంటే తక్కువైతే ఊపిరి మన అదుపులో ఉండటం కష్టం. నన్నడిగితే సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు తర్వాతి రెండు వారాలు అన్నిటికంటే మేలు. అప్పటికి జనం తగ్గుతారు, బోట్లు తగ్గుతాయి, నీళ్లలో వేడి ఇంకా ఉంటుంది.

2. థర్మామీటర్ ముంచండి

స్విమ్మింగ్ పూల్‌లో వాడే థర్మామీటర్‌కి దారం, చిన్న బరువు కట్టి మూడు నాలుగు అడుగుల లోతుకి దింపండి. రెండు నిమిషాలు ఆగి గబగబా పైకి లాగి చూడండి. ఒడ్డున చెయ్యి పెట్టి చూస్తే సరిపోదు. అక్కడ జానెడు లోతు నీళ్లని ఎండ వేడెక్కించి ఉంటుంది.

నడి వేసవిలోనూ ఈ తేడా ఉంటుంది. వెచ్చటి నీరు తేలికగా పైన తేలుతుంది, చల్లటిది బరువుగా అడుగున ఉండిపోతుంది. జులైలో లోతుకి డైవ్ చేస్తే ఉన్నట్టుండి కాళ్లు జిల్లుమనడానికి కారణం ఇదే. డ్యామ్ దిగువన నది నడి వేసవిలోనూ 50ల్లోనే ఉండేది కూడా ఇందుకే, వదిలేది అడుగు నీళ్లు కాబట్టి. అక్కడ నీళ్లు వదిలే సైరన్ మోగితే ఇంకేమీ ఆలోచించకుండా గట్టెక్కండి, నీళ్లు నిమిషాల్లో పెరుగుతాయి. డ్యామ్ నుంచి హైవే 20 వంతెన దాకా నదిలో దిగే ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలని చట్టమే ఉంది.

3. ఎక్కడ దిగాలో చూసుకోండి

తాళ్లు, నీళ్లపై తేలే గుర్తులు (buoys) కట్టిన బీచ్‌లోనే దిగండి. అక్కడ కూడా చాలావరకు లైఫ్‌గార్డులు ఉండరు. ఇది ఒకప్పటి కొండల మధ్య లోయ. అడుగు నున్నటి ఇసుక కాదు, కొండ వాలు. మోకాలి లోతు నుంచి రెండడుగులు వేస్తే తల మునిగే చోట్లున్నాయి. నీటిమట్టం నిండుగా ఉంటే సముద్రమట్టానికి 1071 అడుగులు. 2007 చివర్లో కరువుకి 1051 దాకా పడిపోయింది. మట్టం తగ్గినప్పుడు పోయినసారి మీరు ఈదిన చోట మొద్దులు, రాళ్లు పైకి వచ్చి ఉండొచ్చు.

బోట్లు కట్టే డాక్‌ల దగ్గర ఈదొద్దు. వైరింగ్ పాడైతే నీళ్లలోకి కరెంటు వస్తుంది. ఒంట్లో జివ్వుమన్నట్టు అనిపిస్తే నిచ్చెన పట్టుకోకండి, వచ్చిన దారినే వెనక్కి ఈదండి.

పెద్ద వాన పడితే రెండు రోజులు ఆగండి. ఉరుము వినిపిస్తే బయటికి వచ్చి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకండి. ఆగస్టు నాటి వెచ్చటి నీళ్లు ముక్కులోకి పోకుండా పిల్లలకి నోస్ క్లిప్ పెట్టండి. మెదడుకి సోకే అమీబా చాలా అరుదు, కానీ సోకితే దాదాపు ప్రాణాంతకం.

4. మెల్లగా దిగండి

ముందు ముఖం, మెడ వెనక తడుపుకోండి. నడుము లోతులో నిలబడి, ఊపిరి మామూలుగా ఆడేదాకా ఆగండి. పొరపాటున చల్లటి నీళ్లలో పడితే ఈదబోకండి, వెల్లకిలా తేలండి. చల్లటి నీళ్ల గురించి 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. ఊపిరి కుదుటపడటానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. మంచి ఈతగాళ్లు కూడా ఆ మొదటి నిమిషంలోనే మునిగిపోవచ్చు.

జీన్స్, చుడీదార్లతో దిగకండి, తడిస్తే కాళ్లకి చుట్టుకుంటాయి. పిల్లలకి గాలి ఊదే ఫ్లోటీలు చాలవు, యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ కావాలి. జాకెట్ వేశాక దాన్ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి. జాకెట్ చెవుల దాకా జారితే అది ఆ పిల్లకి పెద్దది.

5. ఎవరైనా మునిగితే దూకకండి

2022 థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మిస్సోరిలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో తెలంగాణ నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఒకరు మునుగుతుంటే కాపాడదామని రెండో అబ్బాయి దూకాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్నేహితుడు మునుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరివల్లా కాదు, అందుకే చెయ్యాల్సింది ముందే అనుకుని ఉండాలి.

పిక్నిక్‌కి వెళ్లగానే 50 అడుగుల నైలాన్ తాడు ఒక చివర ఖాళీ ప్లాస్టిక్ పాల క్యాన్‌కి కట్టి ఒడ్డున పెట్టండి. క్యాన్‌లో కొంచెం నీళ్లు ఉంచితే దూరం వెళ్తుంది. అవసరం వస్తే ఒకరు 911కి ఫోన్ చెయ్యాలి, ఒకరు మనిషి మునిగిన చోటు మీంచి చూపు తిప్పకుండా నిలబడాలి, ఒకరు క్యాన్ విసరాలి. ఎవరు ఏది చెయ్యాలో అన్నం తినేటప్పుడే మాట్లాడేసుకోండి. మా ఇంట్లో విసిరేది నేను, ఫోన్ మా అమ్మాయి.