లారీ ఇంజిను మనమే నేర్చుకుందాం - 6: బాగుచేశాక ఆగిపోయే బండి

గత పాఠంలో డీజిల్ ఫిల్టర్లు మార్చడం చూశాం. ఆ పని తర్వాత తరచుగా ఎదురయ్యే తలనొప్పి గురించి ఈసారి చెప్పుకుందాం.

పాత మైకో పంపు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు ఒత్తిడితో డీజిల్ పంపేది) ఉన్న లారీని ఉదాహరణగా తీసుకోండి. ఒంగోలు షెడ్డులో ఫిల్టర్లు, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం మార్చారు. అక్కడ చాలాసేపు చక్కగా నడిచింది. చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మె ఎక్కించుకుని కృష్ణపట్నం ఓడరేవుకు బయలుదేరింది. సింగరాయకొండ దాటాక లాగుడు తగ్గింది, ఇంజిను కాస్త వణికి ఆగిపోయింది. డ్రైవరు చేతి పంపు కొట్టి ఎయిర్ తీస్తే, అంటే డీజిల్ దారిలో చిక్కిన గాలిని బయటికి పంపితే, మళ్లీ కదిలింది. ఉలవపాడు దగ్గర మళ్లీ అదే కథ. మెకానిక్కుకు ఫోను చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి మాట: "పంపు విప్పాలి." అప్పుడే ఒప్పుకోకండి. పంపు విప్పితే బెంచి మీద పెట్టి సరిచూడాలి, ఖర్చు పెద్దది. పైగా నిన్నటిదాకా బాగున్న పంపును ఎవరూ ముట్టుకోలేదు.

పానా పట్టే ముందు అడగాల్సినవి రెండు. ఏమేం ముట్టుకున్నారు? ఎలా ఆగింది?

మొదటిదానికి బిల్లు చూసి తృప్తిపడవద్దు. అడ్డం వచ్చిందని పక్కకు లాగిన వైరు, గేర్‌బాక్సు దించడానికి విప్పిన ఎర్త్ పట్టీ (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి), కదిపిన స్టాప్ కేబుల్ (లాగితే ఇంజిను ఆగేది) ఏ బిల్లులోనూ ఉండవు. పని చేసిన కుర్రవాణ్ణి నెమ్మదిగా అడిగితే చెబుతాడు. గద్దిస్తే ఏమీ ముట్టుకోలేదంటాడు.

రెండో ప్రశ్న ఇంకా విలువైనది. వణుకుతూ, శక్తి తగ్గుతూ ఆగితే ముందుగా డీజిల్ దారిని అనుమానించాలి. తాళం తిప్పి ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే వైర్లు, సెన్సర్లు, కరెంటుతో పనిచేసి డీజిల్ ఆపే స్టాప్ సోలినాయిడ్ వైపు చూడాలి. యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు మాత్రమే ఆగితే ఐడ్లింగ్ అమరిక, స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి వస్తోందా లేదా చూడాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంటే నాజిళ్ల దాకా డీజిల్ చేరుతోంది, సరిగా మండడం లేదు. పొగే లేకపోతే డీజిల్ చేరడం లేదనుకోవచ్చు.

మన లారీ వణికి ఆగింది, ఎయిర్ తీస్తే కదిలింది. అంటే డీజిల్‌తోపాటు ఎక్కడో గాలి లోపలికి పోతోంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: గొట్టాలన్నీ తడిమి, ఎక్కడా చెమ్మ లేదు కాబట్టి లీకు లేదంటారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగే చిన్న పంపు) దాకా ఉన్నది పీల్చుకునే దారి. ఇంజిను నడుస్తుండగా అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి వస్తుంది. కారేది ఫీడ్ పంపు దాటాకే.

మరి షెడ్డులో ఎందుకు ఆగలేదు? ఉత్తగా నడిచే ఇంజినుకు డీజిల్ కొంచెం చాలు. బరువు లాగేటప్పుడు ఎక్కువ కావాలి, పీల్చే బలమూ పెరుగుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కనిపించని లీకు మట్టం తగ్గాక బయటపడుతుంది కూడా. చిన్న బుడగలు ఫిల్టరు పైభాగాన పోగై ఒక్కసారిగా పంపులోకి వెళ్తాయి. డీజిల్ దాదాపు నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజర్ శ్రమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోయి నాజిల్ తెరుచుకోదు.

ఇప్పుడు పరీక్ష. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఫీడ్ పంపులోకి వచ్చే చోట డీజిల్‌కు తట్టుకునే పారదర్శక గొట్టం ముక్క బిగించండి. ఎయిర్ తీసి, స్టార్ట్ చేసి, రేజ్ చేస్తూ గమనించండి. బుడగల వరుస ఆగకుండా వస్తుంటే తప్పు ట్యాంకు వైపే. నిర్ధారణకు ట్యాంకు దారి తప్పించి, శుభ్రమైన డబ్బాలోని డీజిల్‌ను నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి. డబ్బాను సైలెన్సర్‌కు దూరంగా, ట్యాంకు మట్టానికి మించని ఎత్తులో పెట్టండి. పైన పెడితే డీజిల్ తనంతట తానే దిగి చిన్న లీకును దాచేస్తుంది. బుడగలు ఆగిపోతే వెతకాల్సిన దారి సగానికి తగ్గినట్టే. కొత్త గొట్టం క్లిప్పులు, బాంజో బోల్టు (గొట్టం చివరను బిగించే, నడుమ రంధ్రమున్న బోల్టు) దగ్గర మళ్లీ వాడిన పాత రాగి వాషర్లు చూడండి. ఒకసారి నలిగి గట్టిపడ్డ వాషరు రెండోసారి సరిగా అతకదు. పెద్ద పని చేసి వాషర్ల దగ్గర పిసినారితనం చూపించే షెడ్లకు కొదవ లేదు.

బుడగలు లేకుండానే ఆగుతుంటే ఎక్కడో దారి మూసుకుంటోంది. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత విప్పండి. ఉస్సుమని గాలి లోపలికి వెళ్లి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది. లేదంటే ట్యాంకులోని జాలీ, లోపలి పొర ఊడిన గొట్టం చూడాలి.

ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) లారీల్లోనూ, అంతకుముందరి బీఎస్-4 లారీల్లో చాలావాటిలోనూ ఉన్నది కామన్ రైల్, అంటే నాజిళ్లన్నిటికీ కలిపి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిల్వ ఉంచే ఒకే గొట్టం. పాత బండిలో నాజిల్ నట్టు వదులు చేసి ఎయిర్ తీసినట్టు ఇక్కడ తీయకూడదు. లారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 8 బార్లుంటే, రైల్లో డీజిల్ ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది. సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. గాయం సూదిమొనంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ బండ్లలో చేతి పంపుతో తక్కువ ఒత్తిడి దారి వరకే ఎయిర్ తీసి, తర్వాత సెన్సర్ల కనెక్టర్లు తాళం పడేలా కూర్చున్నాయో లేదో చూసి, ఆపైన బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి.

అభ్యాసం: నెల్లూరులో క్లచ్ ప్లేటు మార్పించుకున్న లారీ ఇందుకూరుపేట రొయ్యల చెరువులకు మేత తీసుకెళ్తోంది. గతుకులు వచ్చినప్పుడల్లా లైట్లు మసకబారి, ఇంజిను టక్కున ఆగుతోంది. ఎయిర్ తీయకుండానే మళ్లీ స్టార్ట్ అవుతోంది, ఒక్కోసారి సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. మీ చెయ్యి ముందు ఎక్కడికి వెళ్లాలి? కారణంతో సహా రాసి పెట్టుకోండి, జవాబు ఏడో పాఠంలో.